ఫుల్ ట్యాంక్‌తో ఎంత దూరం? పెట్రోల్, డీజిల్, హైబ్రిడ్, సీఎన్జీ, ఈవీల్లో మీ దారికి ఏది సరిపోతుంది

షోరూంలో సేల్స్ కుర్రాడు "ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే వెయ్యి కిలోమీటర్లు పక్కా సార్" అంటాడు. అదే కారు కొన్నవాళ్లను అడిగితే "ఆరొందలు వస్తే గొప్ప" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకాయన పుణెలో కార్ల మైలేజ్ పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ల్యాబ్ లెక్క చెబుతున్నాడు, రెండో ఆయన నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, సూర్యాపేట దాటాక వందలో వెళ్లిన లెక్క చెబుతున్నాడు.

కారు కొనేటప్పుడు ఈ రేంజ్ అనే అంకెకు ఎంత విలువ ఇవ్వాలి, ఏ ఇంధనంతో నిజంగా ఎంత దూరం వస్తుంది, ఎవరికి ఏది నప్పుతుంది అన్నదే ఇక్కడి విషయం. నా మాట ముందే చెప్పేస్తా: మనలో ఎక్కువమందికి కావాల్సింది హైవే మీద ఖాయంగా వచ్చే 450 నుంచి 500 కిలోమీటర్లు. ఆ పైన వచ్చే ప్రతి వందకూ షోరూంలోనే డబ్బు కట్టేస్తాం. అది తిరిగి రాబట్టుకోగలమా లేదా అన్నది నెలకు ఎంత తిరుగుతామన్న దాన్నిబట్టి ఉంటుంది.

## ముందు ఏం చూడాలి

లెక్క చిన్నదే. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి, లీటరుకు ఎంత వస్తుంది, రెండూ గుణిస్తే చాలు. చిక్కల్లా ఆ రెండు అంకెల్లోనూ ఉంది.

వాడుకోగలిగిన ఇంధనం. ట్యాంక్ 37 లీటర్లు అంటే 37 లీటర్లూ కాల్చుకోవచ్చని కాదు. చాలా కార్లలో ఐదారు లీటర్లు మిగిలి ఉండగానే రిజర్వ్ లైట్ పడుతుంది. ఆ తర్వాత కూడా బండి నడుస్తుంది కానీ, అడుగంటా నడపడం మంచిది కాదు. ఇప్పటి కార్లలో ఫ్యూయల్ పంప్ ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న ఇంధనమే దాన్ని చల్లబరుస్తుంది. డీజిల్ బండి అయితే ఇంకో తలనొప్పి: పూర్తిగా ఆరిపోతే పైపుల్లోకి గాలి చేరుతుంది, డీజిల్ పోసినా వెంటనే స్టార్ట్ కాదు, ఆ గాలి తీయించాలి. అందుకే రేంజ్ లెక్కేసేటప్పుడు ట్యాంకులోంచి ఐదారు లీటర్లు పక్కన పెట్టేయండి.

దీనికి తిరగబడిన ఫిర్యాదు ఒకటుంది. "నా కారు ట్యాంక్ 37 లీటర్లు, బంకులో 41 లీటర్లు పట్టిందన్నారు, మోసం!" అని. మోసాలు లేవని కాదు, కానీ ఇది ఒక్కటే రుజువు కాదు. బ్రోచర్‌లో రాసేది ట్యాంకులో సురక్షితంగా నింపుకోవాల్సిన పరిమాణం. దాని పైన ఆవిరి కోసం వదిలిన ఖాళీ, మెడ దాకా ఉన్న పైపు ఉంటాయి. నాజిల్ టక్కున ఆగాక కూడా బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేసేద్దామా సార్" అని రెండు మూడుసార్లు నొక్కుతాడు చూడండి, ఆ పెట్రోల్ వెళ్లేది ఆ ఖాళీలోకే. పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. అందులోకి ద్రవం చేరితే అది పాడవుతుంది. మొదటిసారి ఆగినప్పుడే చాలు అనండి, బిల్లు 3,412 రూపాయలు వచ్చినా సరే.

మీ దారిలో మైలేజ్. ఏఆర్ఏఐ పరీక్ష రోలర్ల మీద జరుగుతుంది. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కాసేపే. ఎదురుగాలి లేదు, డిక్కీ నిండా బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు లేవు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 80లో వెళ్లే కారు 110లోకి వెళితే గాలిని తోసుకుపోవడానికి పట్టే బలం దాదాపు రెట్టింపు అవుతుంది. మైలేజ్ సగమైపోదు గానీ, 22 ఇచ్చే బండి 17కి దిగడానికి ఇది చాలు. పైన క్యారియర్ కట్టి సూట్‌కేసులు వేస్తే ఇంకాస్త పడిపోతుంది.

నింపుకోవడానికి పట్టే టైము, దొరికే చోటు. పెట్రోల్, డీజిల్ అయిదు నిమిషాల పని. సీఎన్జీకి లైన్‌నుబట్టి ఐదు నిమిషాలూ పట్టొచ్చు, ముప్పావు గంటా పట్టొచ్చు. ఈవీకి ఫాస్ట్ చార్జర్ ఖాళీగా ఉంటే 40 నిమిషాలు, లేకపోతే ముందున్నవాడి టైము కూడా మనదే. రేంజ్ తక్కువైనా చటుక్కున నింపుకోగలిగితే అసలు ఇబ్బందే ఉండదు.

కిలోమీటరుకు ఖర్చు. రేంజ్ ఎక్కువ ఉన్నంత మాత్రాన బండి పొదుపు అయిపోదు. ఫార్చూనర్ ట్యాంక్ 80 లీటర్లు. లీటరుకు పది ఇచ్చినా ఎనిమిది వందలు పోతుంది. ఆల్టో కె10 ట్యాంక్ 27 లీటర్లే, లీటరుకు ఇరవై ఇచ్చినా ఐదు వందల నలభై. రేంజ్‌లో ఫార్చూనర్ గెలిచింది, జేబులో ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

## కాగితం మీద ఒకటి, రోడ్డు మీద ఒకటి

కింది పట్టికలో మొదటి మూడు గడులు కంపెనీ అంకెలు, వాటి గుణకారం. చివరి రెండూ నా అంచనా: రిజర్వ్ పక్కన పెట్టి, ఏసీ వేసి, హైవే మీద 90–100 వేగంతో నలుగురు వెళ్తే ఎంత, నగర ట్రాఫిక్‌లో అయితే ఎంత అని. మీ కాలు బరువునుబట్టి పదో పదిహేను శాతమో అటూ ఇటూ అవుతుంది.

| కారు | ట్యాంక్ / బ్యాటరీ | కంపెనీ మైలేజ్ | కాగితం మీద రేంజ్ | హైవే మీద | సిటీలో |
|---|---|---|---|---|---|
| స్విఫ్ట్ 1.2 పెట్రోల్, మాన్యువల్ | 37 లీ. | 24.8 | 917 కి.మీ. | 600 | 450 |
| క్రెటా 1.5 పెట్రోల్, మాన్యువల్ | 50 లీ. | 17.4 | 870 కి.మీ. | 660 | 480 |
| క్రెటా 1.5 డీజిల్, మాన్యువల్ | 50 లీ. | 21.8 | 1,090 కి.మీ. | 830 | 610 |
| గ్రాండ్ విటారా / హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ | 45 లీ. | 27.97 | 1,258 కి.మీ. | 800 | 850 పైనే |
| వ్యాగన్ ఆర్ సీఎన్జీ (గ్యాస్ మాత్రమే) | సుమారు 8 కిలోలు | 34.05 (కిలోకు) | 270 కి.మీ. | 200 | 160 |
| నెక్సాన్ ఈవీ 45 | 45 యూనిట్లు | – | 489 కి.మీ. | 270–300 | 340 |

రెండు సంగతులు చూడండి. స్విఫ్ట్‌ కాగితం మీద క్రెటా పెట్రోల్‌ని దాటేసింది, రోడ్డు మీద మాత్రం క్రెటా కాస్త ముందుంది. ట్యాంకులో 13 లీటర్లు ఎక్కువ ఉండటమే దానికి కారణం, ఇంజన్ గొప్పతనం కాదు. రెండోది, ఇంధనం పోసుకునే బండ్లలో హైబ్రిడ్ ఒక్కటే సిటీలో హైవే కంటే ఎక్కువ దూరం పోయింది. దాని కథ కింద చెబుతా.

## పెట్రోల్: ఏమీ ఆలోచించకుండా కొనుక్కోదగ్గది

నెలకు ఏడెనిమిది వందల కిలోమీటర్లకు మించి తిరగని ఇంట్లో పెట్రోలే సరి. కొనే ధర తక్కువ, సర్వీస్ తేలిక, బంకు లేని ఊరు లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల చిల్లర. స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్ అయినా ఒక ట్యాంకుతో వెళ్లి తిరిగి రావచ్చు. హైదరాబాద్–తిరుపతి, హైదరాబాద్–బెంగళూరు రెండూ 560–570 ప్రాంతంలో ఉంటాయి. స్విఫ్ట్ లాంటిది అక్కడికి చేరేసరికి రిజర్వ్ దగ్గర పడుతుంది. వైజాగ్ 620 దాకా, అక్కడికి ఒకసారి ఆగాల్సిందే. ఆగితే నష్టమేంటన్నది వేరే ప్రశ్న.

పెట్రోల్ రేంజ్ గురించి మాట్లాడుతూ ఈ20ని వదిలేయలేం. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఇరవై శాతంలో మూడో వంతు పోయిందంటే, మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గినట్టు. కొత్త కార్లలో ఇంజన్‌ను దీనికి తగ్గట్టు సర్దారు కాబట్టి ఒకటి రెండు శాతం తేడాతో సరిపోతుందని, పాత కార్లలో తేడా ఆరేడు శాతం దాకా ఉండొచ్చని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే ఉంది. అంటే 600 కిలోమీటర్లు వచ్చే పాత బండిలో ఓ నలభై కిలోమీటర్లు ఇలా పోయాయి. "ఈమధ్య బండి మైలేజ్ పడిపోయింది" అని మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది. మెకానిక్ ఏదో ఒకటి మార్చకుండా పంపడు.

## డీజిల్: హైవే బండి, కానీ అందరికీ కాదు

డీజిల్ ఎక్కువ దూరం పోవడానికి కారణాలు రెండు. లీటరు పెట్రోల్ కంటే లీటరు డీజిల్ బరువు ఎక్కువ, అందులో పదీ పన్నెండు శాతం శక్తి ఎక్కువ. పైగా డీజిల్ ఇంజన్ గాలిని గట్టిగా నొక్కి మండిస్తుంది కాబట్టి ఆ శక్తిలో ఎక్కువ వాటా చక్రాలకు చేరుతుంది. నిండా జనం, నిండా సామాను, మీద ఘాట్ రోడ్డు అయినా డీజిల్ మైలేజ్ పెట్రోల్ అంతగా కుంగిపోదు.

ఒక్క ట్యాంకుతో ఎక్కువ దూరం పోయిన పెద్ద రికార్డులు డీజిల్‌వే అనడంలోనూ వింత లేదు. 2012లో అమెరికాలో టేలర్ దంపతులు ఫోక్స్‌వ్యాగన్ పసాట్ డీజిల్‌లో ఒక్క ట్యాంకుతో 2,617 కిలోమీటర్లు వెళ్లారు. 2025లో పోలండ్ ర్యాలీ డ్రైవర్ మికో మార్చిక్ స్కోడా సూపర్బ్ డీజిల్‌లో 66 లీటర్లతో 2,831 కిలోమీటర్లు నడిపాడు. లీటరుకు దాదాపు 43. హైదరాబాద్‌లో నింపుకుని ఢిల్లీ వెళ్లి, తిరుగు దారిలో నాగ్‌పూర్ దాటేసినంత. మనలాంటివాళ్లకు ఇందులో నేర్చుకోదగ్గది ఒక్కటే: కాలు తేలిగ్గా పెట్టి, బ్రేక్ కొట్టాల్సిన అవసరం రాకుండా నడపడంలో ఎంత దూరం దాగి ఉందో. మిగతాదంతా ఆ పనికే పుట్టినవాళ్లకు.

డబ్బు లెక్కకు వద్దాం. క్రెటా లాంటి కారులో పెట్రోల్‌కీ డీజిల్‌కీ తేడా లక్షన్నర అనుకోండి. పెట్రోల్ 107, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. పెట్రోల్ బండి అటూ ఇటూ కలిపి 14, డీజిల్ బండి 18 ఇస్తుంది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్‌కు 11,450 రూపాయలు, డీజిల్‌కు 8,000. నెలకు మూడున్నర వేలు మిగిలితే ఆ లక్షన్నర రావడానికి మూడున్నరేళ్లు. నెలకు 700 తిరిగేవాళ్లకు అదే ఎనిమిదేళ్లు పడుతుంది. అప్పటికి కారు మార్చేసే ఆలోచనలో ఉంటారు.

ఇంకో పక్క బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బండ్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఒకే ఊపున కాసేపు నడవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్‌కు, ఇలా మూడేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశం దొరకదు, డాష్‌బోర్డు మీద లైట్ వెలుగుతుంది. చాలావాటిలో పొగలోని విష వాయువులను తగ్గించే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయించుకుంటూ ఉండాలి. కేవలం సిటీలో తిరిగేవాళ్లు "డీజిల్ చవక కదా" అని కొనడం నాకు ఏ మాత్రం నచ్చని ఎంపిక. ఢిల్లీ వైపు ఉద్యోగం ఉన్నవాళ్లు అయితే పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడి నిబంధనలు ఇప్పుడెలా ఉన్నాయో కూడా చూసుకోవాలి.

## స్ట్రాంగ్ హైబ్రిడ్: ట్రాఫిక్‌లో ఉంది దీని బలం

మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్ రెండూ ఒకటి కావు. మైల్డ్‌లో చిన్న మోటారు ఇంజన్‌కు చేయూతనిస్తుందంతే. స్ట్రాంగ్ హైబ్రిడ్ కాసేపు ఇంజన్ ఆపేసి బ్యాటరీ మీదే నడుస్తుంది, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిని వెనక్కి తెచ్చుకుంటుంది. ప్లగ్ పెట్టక్కర్లేదు.

అందుకే దీనికి ఆగి ఆగి నడిచే దారి ఇష్టం. సంక్రాంతికి రెండ్రోజుల ముందు పంతంగి టోల్ గేట్ దగ్గర లైన్ గుర్తు తెచ్చుకోండి. మామూలు పెట్రోల్ కారు ఏసీ వేసి కదలకుండా నిలబడితే గంటకు సుమారు లీటరు తాగుతుంది. పంతంగిలో కొంత, కొర్లపహాడ్‌లో కొంత, చిల్లకల్లులో ఇంకొంత. విజయవాడ చేరేలోపు ఇరవై ముప్పై కిలోమీటర్ల రేంజ్ నిలబడి ఖర్చు పెట్టినట్టే. హైబ్రిడ్‌లో ఇంజన్ ఎక్కువసేపు నిద్రపోతుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది, చార్జ్ తగ్గినప్పుడు మాత్రం లేచి మళ్లీ పడుకుంటుంది.

అదే ఖాళీ హైవే మీద 110లో గంటలకొద్దీ వెళితే హైబ్రిడ్‌కు చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. బ్రేక్ వేయం కాబట్టి తిరిగి రాబట్టుకునే శక్తీ ఉండదు, ఇంజనే బండినంతా లాగుతుంది. బ్రోచర్‌లోని 27.97 అక్కడ ఇరవైకి, కాలు బరువైతే అంతకంటే కిందికి దిగుతుంది. "హైబ్రిడ్ కొన్నా, లాంగ్‌లో మైలేజ్ రావట్లేదు" అనేవాళ్ల బాధ ఇదే. బండిలో లోపం లేదు, దారి దానిది కాదు.

ఏడుగురు వెళ్లే ఇల్లయితే ఇన్నోవా క్రిస్టా డీజిల్, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ మధ్య ఊగుతుంటారు. క్రిస్టా ట్యాంక్ 55 లీటర్లు, హైక్రాస్‌ది 52. కంపెనీ లెక్క ప్రకారం హైక్రాస్ హైబ్రిడ్ 23.24 ఇస్తుంది. నిజంగా 16 ఇచ్చినా ఏడు వందలు దాటుతుంది. క్రిస్టా పన్నెండు ఇస్తే ఆరు వందలకు కాస్త తక్కువ. బరువులు వేసుకుని గతుకుల రోడ్ల మీద ఏళ్ల తరబడి తిప్పే ట్రావెల్స్‌వాళ్లు క్రిస్టాను వదలకపోవడానికి కారణం రేంజ్ కాదు, దాని మొండితనం. సొంతానికి కొనుక్కునే కుటుంబానికి నేనైతే హైక్రాస్ చెబుతా.

## సీఎన్జీ: గ్యాస్‌తో రెండొందలు, రెండూ కలిపితే ఎక్కువే

60 లీటర్ల సిలిండర్ అంటారు. అది నీళ్లు పోస్తే పట్టే కొలత. గ్యాస్ 200 బార్ ఒత్తిడి దగ్గర ఎనిమిది కిలోల ప్రాంతంలో పడుతుంది. అదీ స్టేషన్‌లో ఒత్తిడి పూర్తిగా ఉంటేనే. మధ్యాహ్నం మండే ఎండలో, ముందు పది ఆటోలు పట్టించుకుని వెళ్లాక మీ వంతు వస్తే ఆరున్నర కిలోలకే మీటరు ఆగిపోవడం మామూలే. అప్పుడు "ఫుల్" అంటే 150 కిలోమీటర్లు.

అయినా సీఎన్జీ కారుకు రేంజ్ తక్కువ అనడం సగం నిజమే. వెనక పెట్రోల్ ట్యాంక్ ఉంటుంది. గ్యాస్ అయిపోతే స్విచ్ నొక్కితే చాలు, లేదా అదే మారిపోతుంది. రెండూ నిండుగా ఉంటే ఆరు వందలు పైనే. అయితే గ్యాస్ మీద పోయినంత దూరమే మీకు లాభం. పెట్రోల్ మీద నడిపే ప్రతి కిలోమీటరుకూ అదనంగా సిలిండర్ బరువు మోస్తున్నారు.

కాబట్టి ప్రశ్న మీ ఇంటికి దగ్గరలో స్టేషన్ ఉందా అన్నది. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ స్టేషన్లు ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో, కృష్ణా, ఖమ్మం, నల్గొండ వైపు, రాయలసీమలోనూ వేరే కంపెనీలవి వచ్చాయి. ఉన్నాయంటే మీ దారిలో, మీరు వెళ్లే టైముకు, లైన్ లేకుండా ఉన్నాయని కాదు. కొనే ముందు ఓ వారం ఆఫీసు నుంచి వచ్చే వేళకు ఆ స్టేషన్ ముందు నుంచి వెళ్లి చూడండి. లైన్ రోడ్డు మీదికి వచ్చి ఉంటే, రెండు మూడు రోజులకోసారి అందులో నిలబడే ఓపిక ఉందో లేదో మీకే తెలుస్తుంది. నింపేటప్పుడు అందరూ దిగాలి. ఒళ్లో పాప నిద్రపోతున్నా, వెనక సీట్లో నాయనమ్మకు మోకాళ్ల నొప్పులున్నా దిగాల్సిందే.

డిక్కీ సంగతి మీకు తెలిసిందే. టాటా వాళ్లు 60 లీటర్లను రెండు చిన్న సిలిండర్లుగా విడగొట్టి కింద అమర్చడంతో కొంత చోటు మిగులుతోంది. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ చేయించాలి. దాన్ని మర్చిపోతే స్టేషన్‌లో గ్యాస్ పట్టరు.

## ఈవీ: ట్యాంక్ చిన్నది, కానీ రాత్రి ఇంట్లోనే నిండుతుంది

ఒక లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 45 యూనిట్ల నెక్సాన్ బ్యాటరీ మొత్తం కలిపి ఐదు లీటర్ల పెట్రోల్‌తో సమానం. పెట్రోల్ కారులో రిజర్వ్ లైట్ వెలిగినప్పుడు మిగిలేదంత. దాంతోనే ఈవీ మూడొందల చిల్లర పోతోందంటే, పెట్రోల్ ఇంజన్ ఎంత శక్తిని వేడి రూపంలో రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా వదిలేస్తోందో ఊహించండి.

కంపెనీ చెప్పే 489 ల్యాబ్‌ది. టాటా వాళ్లే నిజ వాడకానికి 350 నుంచి 375 అని ఇంకో అంకె ఇస్తున్నారు, ఇది మంచి పద్ధతి. హైవే మీద వందలో వెళితే అంతకంటే తగ్గుతుంది. ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాటాక వేగం మందగిస్తుంది కాబట్టి దారిలో ఎవరూ నూరు శాతం దాకా ఆగరు. పది శాతం లోపు దింపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కాబట్టి మొదటి విడత పోయినంత దూరం రెండో విడతలో పోలేరు, రెండొందల దగ్గర మళ్లీ చార్జర్ వెతకాలి. హైదరాబాద్–విజయవాడ ఒక చార్జ్‌తో అంచు మీద నడక. మధ్యలో టిఫిన్‌కు ఆగి పావుగంట పెట్టుకుంటే ప్రశాంతంగా వెళ్లొచ్చు. వైజాగ్ అయితే రెండు ఆగుళ్లు, అందులో ఒక చార్జర్ పనిచేయకపోతే ఏంటన్న ప్లాన్ కూడా ఉండాలి. 79 యూనిట్ల మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ లాంటివి వచ్చాక ఈ లెక్క మారింది గానీ, ధర కూడా మారింది.

సొంత పార్కింగ్, అందులో ప్లగ్ పాయింట్ ఉండి, రోజుకు 60–70 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు రేంజ్ అన్న ప్రశ్నే రాదు. పొద్దున్నే ఫుల్ ట్యాంక్‌తో లేస్తారు. అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్లు చార్జర్‌కు ఒప్పుకోకపోతే మాత్రం ఈవీ ఆలోచన పక్కన పెట్టడమే మంచిది. పబ్లిక్ చార్జర్‌నే నమ్ముకుంటే ఖర్చులో లాభం సగం పోతుంది, సహనం మొత్తం పోతుంది.

## ఎవరికి ఏది

| మీ తిరుగుడు | నా సలహా | ఒప్పుకోవాల్సిన లోటు |
|---|---|---|
| సిటీలోనే, నెలకు 600 లోపు, ఏడాదికి రెండు మూడుసార్లు ఊరు | చిన్న పెట్రోల్ | వైజాగ్, శ్రీకాకుళం వైపు వెళ్తే దారిలో ఒకసారి బంకు |
| రోజూ 40–60 కి.మీ. ట్రాఫిక్‌లో, ఇంట్లో ప్లగ్ లేదు | స్ట్రాంగ్ హైబ్రిడ్. బడ్జెట్ తక్కువైతే సీఎన్జీ | ఒకదానికి ధర, రెండోదానికి లైన్ |
| రోజూ 40–60 కి.మీ., ఇంట్లో ప్లగ్ ఉంది | ఈవీ | ఊరెళ్లేటప్పుడు ప్లానింగ్ |
| ప్రతి వారాంతం 250–300 కి.మీ. హైవే | డీజిల్ | యాడ్‌బ్లూ, ఫిల్టర్, ఖరీదైన సర్వీస్ |
| క్యాబ్, అద్దెకు తిప్పే బండి, సిటీలో | సీఎన్జీ | డిక్కీ, నింపే టైము |
| ఏజెన్సీ, అడవి దారుల్లో తరచు | డీజిల్ లేదా పెద్ద ట్యాంకున్న పెట్రోల్ | మొదటి ధర |

చివరి వరుస గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే రేంజ్ నిజంగా అక్కర్లోకి వచ్చేది అక్కడే. మనం సాధారణంగా "మా ఊరు 700 కిలోమీటర్లు, కాబట్టి 700 పోయే కారు కావాలి" అని ఆలోచిస్తాం. అది అక్కర్లేదు. ఎన్‌హెచ్ 16 మీద, 65 మీద, 44 మీద బంకు కోసం వెతికే పనే లేదు. రెండు మూడు గంటలకోసారి టీకి, బాత్రూంకి ఆగుతాం, పిల్లలుంటే ఇంకా ముందే. ఎలాగూ ఆగేటప్పుడు ఐదు నిమిషాలు బంకులో పోతే మనకేం పోయింది? మీ ప్రయాణం మొత్తం ఎంతన్నది పక్కన పెట్టి, దానిలో బంకు దొరకని భాగం ఎంతో చూడండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్ల చిల్లరే. కానీ మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక నల్లమల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేసేస్తారు. సాయంత్రం లేటుగా బయల్దేరి, ఇంధనం ముల్లు కిందికి దిగి, గేటు పడే టైము దగ్గర పడితే అప్పుడు తెలుస్తుంది మిగిలిన పది లీటర్ల విలువ. భద్రాచలం నుంచి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వెళ్లే ఘాట్ కూడా అంతే. పాడేరు, లంబసింగి వైపు ఎక్కేటప్పుడు రెండో గేరు, మూడో గేరులోనే బండి ఉంటుంది. "ఇంకా 120 కిలోమీటర్లు పోవచ్చు" అని మీటర్‌లో కనిపించే అంకె కొండ ఎక్కుతుంటే కళ్ల ముందే 80కి దిగుతుంది. ఆ అంకె ఇప్పటిదాకా నడిపిన తీరునుబట్టి వేసిన అంచనా, ముందు కొండ ఉందని దానికి తెలియదు. ఇలాంటి దారుల్లో సగం ట్యాంక్ అంటే ఖాళీ ట్యాంకే అనుకుని కింద ఊళ్లోనే నింపుకోండి.

ఈ దారుల్లో తరచుగా తిరిగేవాళ్లకు ఈవీ ఇప్పట్లో నేను చెప్పను. సీఎన్జీ అయితే పెట్రోల్ ట్యాంక్ నింపుకుని వెళ్తే పర్లేదు, కాకపోతే ఎక్కుడులో గ్యాస్ మీద బండి కాస్త బద్ధకిస్తుంది.

## మీ కారు నిజంగా ఎంత ఇస్తోందో

మీటర్‌లో చూపించే మైలేజ్ చాలా కార్లలో కాస్త ఉదారంగా ఉంటుంది. సరైన లెక్క ఫుల్ టు ఫుల్. బంకులో నాజిల్ మొదటిసారి ఆగేదాకా నింపండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. రెండు మూడొందలు తిరిగాక వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ మొదటిసారి ఆగేదాకా నింపండి. ట్రిప్‌లో 412 కిలోమీటర్లు, ఇప్పుడు పట్టింది 23.6 లీటర్లు అయితే 412ని 23.6తో భాగించండి: 17.5 వస్తుంది. ఇదే మీ కారు అసలు మైలేజ్. దీన్ని ట్యాంకులోంచి ఆరు లీటర్లు తీసేసిన అంకెతో గుణిస్తే మీ రేంజ్. హైవే వారం ఒకసారి, సిటీ వారం ఒకసారి చేస్తే రెండు అంకెలూ దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు అమ్మేవాళ్లు "ఇరవై ఇస్తుంది" అంటే, ఇలా లెక్కేశారా లేక మీటర్ చూసి చెబుతున్నారా అని అడగండి.

రేంజ్ పెంచుకోవడానికి పైసా ఖర్చు లేనివి: టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత ఉంచడం, వాడని రూఫ్ క్యారియర్ తీసేయడం, 110 బదులు 90. వైజాగ్ దాకా వెళితే ఈ చివరిదానికి గంట, గంటంబావు పోతుంది. ఇంజన్ ఆయిల్‌లో, పెట్రోల్‌లో కలుపుకోమని అమ్మే సీసాల జోలికి మాత్రం పోకండి.

ఎక్కడ నింపుకోవాలన్నదీ లెక్కలోదే. ఆంధ్రలో పెట్రోల్ తెలంగాణ కంటే కాస్త ఎక్కువ, కర్ణాటకలో రెండింటికంటే తక్కువ. విజయవాడ వెళ్లేవాళ్లు కోదాడ దాటేలోపు, బెంగళూరు వెళ్లేవాళ్లు కర్నూలు, అనంతపురంలో ఆగకుండా బాగేపల్లి చేరాక నింపుకుంటే ట్యాంకుకు వందో రెండొందలో మిగులుతాయి. రేంజ్ కాస్త ఎక్కువున్న బండికి ఈ వెసులుబాటు ఉంటుంది, ఎక్కడ నింపాలో ట్యాంక్ కాకుండా మీరే నిర్ణయించుకోవచ్చు. కాకినాడ వైపు వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, పుదుచ్చేరి పరిధిలో ఉండి పెట్రోల్ చవగ్గా దొరికే యానాం బంకుల ముందు ఏపీ నంబర్ బండ్ల వరస ఎందుకుంటుందో వాళ్లకు తెలుసు.